ఇద్దత్ రోజుల్లో ఒక ఓటు

ఎన్నికల డ్యూటీ ఎలా తప్పించుకోవాలో చెప్పమని కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నర్సమ్మాయిలు ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తుంటారు. రిటైరైన వాళ్ల దగ్గర ఇలాంటి చిట్కాలు మూట కట్టి ఉంటాయని వాళ్ల నమ్మకం. ఉన్నాయి కూడా. నడుం నొప్పి, అత్తగారి ఆపరేషను, డాక్టరు సర్టిఫికెట్టు, అన్నీ నేను చూసినవే. ఒకటి రెండు వాడినవే. ఒక్కసారి మాత్రం ఏ చిట్కా పారలేదు. పారనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. ఆ ఒక్కసారి సంగతి చెబుతాను, విన్నాక సర్టిఫికెట్టు తెచ్చుకుంటారో డ్యూటీకే పోతారో మీ ఇష్టం.

మాది గుంటూరు వైపు. మావారికి కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, నాకు యాకుత్‌పురా దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో ఇంటింటికీ తిరిగే నర్సు పని. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, టీకాల ఫ్రిజ్జు, ఒక డాక్టరమ్మ, నేను, ఒక ఆయమ్మ. ఆయమ్మది ఆ పక్క గల్లీయే. తెలుగు, ఉర్దూ కలిపి ఆమె మాట్లాడే భాష మొదటి ఏడాది నాకు సగం అర్థమయ్యేది కాదు. అయితే ఆ గల్లీల్లో నా యూనిఫాం కంటే ఆమె గొంతే ఎక్కువ తలుపులు తీయించింది. పోలియో చుక్కల ఆదివారాల్లో ఎవరైనా జంకితే ముందు తన నోట్లో రెండు చుక్కలు వేయించుకుని చూపించేది. ఆ తర్వాత నేను పిల్లాడి చిటికెన వేలికి నల్ల సిరా పెట్టేదాన్ని. ఎన్నికల్లో ఓటరు వేలికి పెట్టేదీ అలాంటి సిరాయే. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వానలు వెనకబట్టే రోజుల్లో ఆయమ్మ వాళ్ల గల్లీలో విరేచనాలు మొదలయ్యాయి. తాగే నీళ్ల గొట్టం మురిక్కాలువలోంచి వెళ్లేది అక్కడ. నీళ్లు వాసన వస్తున్నాయని ఆ గల్లీ వాళ్లు చెబుతూనే ఉన్నారు. ముఖ్యంగా ఒకతను. నయాపూల్ దగ్గర తోపుడు బండి మీద జామకాయలు అమ్మేవాడు. నల్లా నీళ్లు ఒక సీసాలో పట్టుకుని నీళ్ల ఆఫీసుకు పోయి బల్ల మీద పెట్టేవాడట. వాళ్లు దరఖాస్తు రాయమనేవారట, రాసేవాడట. మళ్లీ నెల తిరిగేసరికి ఇంకో సీసా పట్టుకుని పోయేవాడు. ఆ సీసా సంగతి గల్లీలో అందరికీ నవ్వులాటగా ఉండేది. దోవలో కనిపిస్తే నేనూ నవ్వాను.

రోజు రోజుకీ రోగులు పెరిగారు. మా రెండు గదులు చాలక, సెలవుల్లో ఉన్న సర్కారు బడిని తెరిపించాం. బెంచీలు దగ్గరికి జరిపితే మంచాలయ్యాయి. సెలైన్ సీసాలకు స్టాండ్లు లేవు. ఆయమ్మ ఎక్కడి నుంచో బట్టలారేసే నైలాన్ తాళ్లు తెచ్చి పైకప్పు దూలాలకు కట్టింది. సీసాలు వాటికి వేలాడదీశాం. కలరా అని మేం ముగ్గురం నోటితో అనుకునేవాళ్లం, పైకి పంపే కాగితాల్లో విరేచనాలు అనే రాసేవాళ్లం. ఆ మాట రాస్తే పైవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. రాయకపోతే గల్లీ వాళ్ల ప్రాణం పోతుంది. ఆ పేచీ ఎప్పటికీ తెగదు గనక దాన్ని వదిలేస్తున్నాను.

జామకాయల అతన్ని ఒక మధ్యాహ్నం భార్య, ఆడబిడ్డ కలిసి రిక్షాలో తెచ్చారు. గోడవార బెంచీ మీద పడుకోబెట్టాం. ఒంట్లో నీళ్లు పూర్తిగా పోయాక నరం దొరకదు. ఎడమ చేతిలో వెతికాను, కుడి చేతిలో వెతికాను, డాక్టరమ్మ వచ్చి కాలి చీలమండ దగ్గర పట్టుకుంది. సెలైన్ ఎక్కుతూనే ఉంది. పొద్దు వాలే లోపల అతను పోయాడు. భార్య అతని ఎడమ చేతిని వదల్లేదు. ఆ గదిలో పోయింది అతనొక్కడే కాదు. కానీ సీసా పట్టుకుని తిరిగిన మనిషి ఆ నీళ్లకే పోవడం నా గుండెల్లో ముల్లులా దిగింది.

తర్వాత ట్యాంకర్లు వచ్చాయి, గొట్టానికి అక్కడక్కడ అతుకులు వేశారు, రోగం తగ్గింది. బడి కడిగి, బ్లీచింగు చల్లి, పిల్లల్ని కూర్చోబెట్టారు.

వారానికోసారి నేను క్లోరిన్ మందు పట్టుకుని ఆ గల్లీకి పోయేదాన్ని. జామకాయల అతని భార్య గడప దాటేది కాదు. భర్త పోయిన ముసల్మాను ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టునే ఉంటారు. గాజులు, గోరింటాకు, కంటికి పెట్టుకునే సుర్మా ఏవీ ఉండవు. దాన్ని ఇద్దత్ అంటారు. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు కావడంతో తెలుగు బాగా వచ్చు. పరదా వెనక కూర్చుని రెడీమేడ్ దుకాణాల చొక్కాలకు కాజాలు కుట్టేది. ఆ కుట్టుకూలి ఏ మూలకూ చాలదు. పిల్లలకు రెండు పూటలా బువ్వ పక్కింట్లో ఉండే ఆడబిడ్డ పెట్టేది. పెద్ద చెయ్యి, పెద్ద నోరు ఆమెకు.

ఇంతలో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. జీపులు, మైకులు, పూలదండలు. ఆ గల్లీ మొగదాకా అందరూ వచ్చారు గానీ లోపలికి ఎవరూ రాలేదు. రోగం భయం కొందరిది, నిలదీస్తారన్న భయం కొందరిది. ఒక వారం నేను మందు ఇస్తుంటే ఆమె సూది ఆపి అంది.

"పర్దా ఎనక ఉన్న గని నాకు చెవులున్నయి నర్సమ్మా. బయట ఓట్లోల్లు మాట్లాడుకుంటుండ్రు. గీ గల్లీల ఇంటింట్ల దుఃఖం ఉంది, ఆడోల్లు రారు, టైం ఖరాబ్ చేస్కోకుండ్రి అంటుండ్రు. మా ఆయన సీసా పట్టుకొని ఎన్ని తాపల తిరిగిండో మీకెర్క. మేం రామని ముందుగాలనే తెలిస్తే గా పైపు ఎవలు మారుస్తరు?"

ఇద్దత్‌లో ఉన్నామె ఓటుకు పోవచ్చా అని మసీదు పెద్దాయన్ని అడిగించిందట. అవసరమైతే పగటిపూట పోయి రావచ్చు, ఓటు అవసరమా కాదా అన్నది ఆమె మనసుకే తెలియాలి అని ఆయన జవాబు పంపాడు. ఆడబిడ్డ మాత్రం అగ్గిమీద గుగ్గిలమైంది. ఓటేమన్న దవాఖాననా, పోకుంటే పానం పోతదా అని ఆ రోజు నా ఎదుటే అడిగింది. అన్న పోయి ఇంకా గడువు తీరలేదు, ఈలోపల వదిన వీధెక్కితే తనకు నలుగురిలో తలెక్కడ పెట్టుకోవాలో తెలియదంది. ఓటుకు పోతే మళ్లీ తన ఇంటి బువ్వ మీద ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. కోపంలో అన్నా, మాట మాటే.

పోవచ్చా అని జామకాయల అతని భార్య నన్ను కూడా అడిగింది. నాకేం తెలుసు? ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషిని. ఒక్క ఓటుతో ఏమవుతుంది, పిల్లల బువ్వ చూసుకో, గమ్మున ఇంట్లో ఉండు అన్నాను. ఆమె మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆ ఎన్నికల్లో నేను రిజర్వులో ఉన్నాను. అంటే ఎవరైనా రాకపోతేనే పిలుస్తారు. హాయిగా ఇంటికి పంపేస్తారని టిఫిను డబ్బా కూడా తెచ్చుకోలేదు. తీరా ఆడవాళ్ల బూత్‌లో వేయాల్సిన టీచరమ్మ, ఆ బడి పేరు వినగానే జ్వరం తెచ్చుకుంది. ఆడ ఉద్యోగి తప్పనిసరి, బురఖాలో వచ్చినవాళ్ల ముఖం చూడాలి, వేలికి సిరా పెట్టాలి. నన్ను ఎక్కించారు. వాహనం దిగి చూస్తే అదే బడి, అదే గది.

మా ప్రిసైడింగ్ ఆఫీసరు గోదావరి జిల్లాల మనిషి, ఎక్కడో పద్దుల ఆఫీసులో పని. మంచివాడే, కానీ నియమావళి పుస్తకం చేతిలో లేనిదే తుమ్మేవాడు కాదు. ఓటర్లకు తాగునీరు ఏర్పాటు చేయాలని అందులో ఉంది గనక, తెల్లారే బడి నల్లా నుంచి కుండ నింపించి గుమ్మం పక్కన పెట్టించాడు. తనకు మాత్రం ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు సీసాలో తెచ్చుకున్నాడు. రోగం సంగతి ఆయనా విన్నాడు మరి.

మగవాళ్ల బూత్ అవతలి గదిలో. అక్కడ ఒక మాదిరిగా నడుస్తోంది. మా దగ్గర వేరే వీధుల నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చారు, ఆ తర్వాత ఈగలు. పార్టీల ఏజెంట్లు ఆవలిస్తున్నారు. ఆఫీసరుకు దిగులు పట్టుకుంది. ఓట్లు ఇంత తక్కువ పడితే పైవాళ్లకు తానే సంజాయిషీ చెప్పుకోవాలట. ఎందుకు రావడం లేదమ్మా, వీళ్లకు ఓటంటే శ్రద్ధ లేదా అని నన్నడిగాడు. నాకు ఒళ్లు మండింది గానీ, జవాబు చెప్పేలోపల గుమ్మంలో ఆయమ్మ కనిపించింది. ఆమె ఓటూ అక్కడే. గుమ్మం దాకా వచ్చింది, కాలు లోపల పెట్టలేదు.

లోపలికి రమ్మని పిలిచాను. తల అడ్డంగా ఊపి, వేలెత్తి పైకి చూపించింది.

"గా తాళ్లు గట్లనే ఉన్నయి సారూ. గా బెంచీల మీద మా గల్లీ మనుషులు పోయిండ్రు. గా తాళ్ల కింద నిలబడి ఓటెయ్యాలంటే ఎవ్వరొస్తరు? గీ నర్సమ్మను అడుగుండ్రి."

ఆఫీసరు తలెత్తి చూశాడు. నేనూ చూశాను. పొద్దుటి నుంచీ ఆ తాళ్ల కిందే కూర్చున్నాను, సెలైన్ సీసాలు కట్టింది నా చేతులతోనే, అయినా నా కంటికి అవి ఆనలేదు. బడి కడిగినవాళ్లు నేల కడిగారు, పైకి ఎవరూ చూడలేదు. ఆయమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు కుండ వైపు తిరిగింది. తమరేమో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు తాగుతున్నారు, మాకేమో మమ్మల్ని చంపిన నల్లా నీళ్లే పెట్టారు, ఇది బాగుందా సారూ అని మెల్లగా అడిగింది.

ఆయన ముఖం కందిపోయింది. పుస్తకం తీశాడు, రెండు పేజీలు తిప్పాడు, మూసేశాడు. తాళ్ల గురించి అందులో ఏమీ లేదనుకుంటాను. లేకపోవడమే మేలైంది. పెట్టెలకు సీలు వేసే దారం కోసం ఇచ్చిన కత్తెర పట్టుకుని, ఆ పెద్దమనిషి చెప్పులు విడిచి బెంచీ ఎక్కాడు. ఒక్కొక్క తాడూ కోసి కింద పడేశాడు. ఏజెంట్లు కూడా లేచి నిలబడ్డారు, ఎందుకో వాళ్లకే తెలియదు. దిగి వచ్చి కుండ బయట పారబోయించాడు. తన సీసాను సంచిలో దాచేసి, పొద్దు వాలేదాకా గుక్కెడు నీళ్లు తాగలేదు. ఆయన్ని పొద్దుటి నుంచి మనసులో తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఆయమ్మ లోపలికి వచ్చి, ఓటు వేసి, నల్లబడ్డ వేలు పట్టుకుని గల్లీలోకి పోయింది. అయినా చాలాసేపు ఎవరూ రాలేదు. నా ఆకలి నాది, ఆఫీసరు దాహం ఆయనది, అలా కూర్చున్నాం.

మధ్యాహ్నం దాటాక ఆయమ్మ మళ్లీ వచ్చింది. వెనక నల్ల బురఖాలో ఒకామె. గుమ్మంలో ఆగి ముందు దూలం వైపు చూసింది. తర్వాత గోడ వారగా ఉన్న బెంచీ వైపు. అప్పుడే నాకు తెలిసిపోయింది ఎవరో. లోపలికి వచ్చి చీటీ ఇచ్చింది. మొదటి బల్ల దగ్గరాయన ఆమె పేరు, భర్త పేరు బిగ్గరగా చదివాడు. జాబితాలో భర్త పేరు ఇంకా కొట్టేయలేదు, పైనే ఉంది. ఒక ఏజెంటు పక్కవాడి చెవిలో, ఈమె ఇద్దత్‌లో ఉందిగా అని గొణిగాడు. అది ఆమెకూ వినిపించింది. తల తిప్పలేదు.

చాటుకు తీసుకుపోయి ముఖం చూశాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వస్తుంటే ఆడబిడ్డ ఏమైనా అందా అని అడగబోయి ఊరుకున్నాను. ఎడమ చెయ్యి చాపింది. గాజులు లేని చెయ్యి, కాజాలు కుట్టి కుట్టి చూపుడు వేలి కొన బరుసెక్కిపోయింది. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఆరోజు భర్త చేతిని పట్టుకున్నది ఈ చేత్తోనే.

సిరా పుల్ల చేతిలోకి తీసుకున్నాక అసలు సంగతి తట్టింది. ఈ నలుపు వారాల తరబడి పోదు. పరామర్శకు వచ్చే ప్రతి ఆడమనిషీ ఆ వేలు చూస్తుంది. గోరింటాకు కూడా కూడని రోజుల్లో గోటికి రంగేమిటని ఒకరు, గడప దాటావన్నమాట అని ఒకరు. ఆడబిడ్డ అయితే అన్నం గిన్నె అందిస్తూ రోజుకు రెండుసార్లు చూస్తుంది. సిరా విషయంలో ఒక్క రూలూ తప్పని నేను ఆమె వైపు వంగి, గోటి పక్కన సన్నగా తాకిస్తాను, ఇంటికి పోగానే నిమ్మచెక్కతో రుద్దుకో, చాలావరకు పోతుంది అని గుసగుసలాడాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకాస్త ముందుకు చాపింది.

"సన్నగ ఎందుకు నర్సమ్మా? మీ పోలియో పిల్లలకు పెట్టినట్టు నిండుగ పెట్టుండ్రి. నేనొచ్చిన్నని అందరికి తెల్వాలె. దాసుకునే ఓటైతే ఇంట్లనే కూసుందును."

నిండుగా పెట్టాను. గోరు మొదలు నుంచి చర్మం మీదికి, ఎవరు చూసినా కనిపించేటట్టు. ఆమె వేలు ఊదుకుంటూ పోయి ఓటు వేసింది. బయటికి పోతూ గోడవార బెంచీ దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఆఫీసరు తొందరపెట్టలేదు. ఆయనకు సంగతి తెలియదు, అయినా కళ్లు దించుకుని కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు.

తర్వాత ఆయమ్మ చెప్పింది. ఆమె గల్లీ అంతా చెయ్యి బురఖా బయట పెట్టుకునే నడిచిందట. గంట తిరగకుండానే మా గుమ్మంలో ఆడవాళ్ల వరస నిలబడింది. తల్లుల్ని పోగొట్టుకున్నవాళ్లు, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు, ఇద్దత్‌లో ఉన్న మరో ఇద్దరు. ఒక్కొక్కరూ గుమ్మంలో ఆగి పైకి చూడటం, లోపలికి రావడం. నాకు తల ఎత్తే తీరిక లేదు. బూత్ మూసేవేళకు ఒకామె వచ్చి బల్ల ముందు నిలబడింది. చూస్తే ఆడబిడ్డ. మా వదిన వచ్చిపోయిందా అని అడిగింది. తన వేలు బల్ల మీద పెట్టి, పెట్టండి మరి అని విసుక్కుంది. ఆ రాత్రి కూడా వదిన పిల్లలకు అన్నం గిన్నె అందిందని ఆయమ్మ ద్వారా తెలిసింది. అందులో రోజూ కంటే ఒక కోడిగుడ్డు ఎక్కువుందట.

ఎవరు గెలిచారో చెప్పను, అది ఈ కథకు అవసరం లేదు. రోగం మనుషుల్ని చంపి ఓట్లు తగ్గిస్తుందని అందరికీ తెలుసు. చావు ఇంటి గడప లోపల మిగిలినవాళ్లను కూడా బతికున్నవాళ్ల లెక్కలోంచి తీసేస్తారని నాకు ఆ బల్ల దగ్గర కూర్చున్నాకే తెలిసింది. వాళ్లు రారులే అనుకుంటారు. రాకుండా ఉండే ఏర్పాట్లు మనమే, తెలియకుండా, తాళ్లతో సహా చేసి పెడతాం. డ్యూటీకి పోతే ముందు పైకప్పు వైపు చూడండి.

ఇద్దత్ తీరిన మర్నాడే ఆమె మా కేంద్రానికి వచ్చింది. ఓటుకు వచ్చిన ఆ ఒక్క పూట తప్ప నాలుగు నెలల తర్వాత వీధిలోకి రావడం, ఎండకు కళ్లు చికిలిస్తోంది. ఒక ఖాళీ సీసా ఉంటే ఇమ్మని అడిగింది. ఆయమ్మ మందు సీసా ఒకటి శుభ్రంగా కడిగి ఇచ్చింది. అందుకుంటుంటే ఆమె ఎడమ చెయ్యి చూశాను. గోళ్లన్నీ ఎప్పటిలాగే పొట్టిగా ఉన్నాయి. చూపుడు వేలి గోరు ఒక్కటే పెరిగి ఉంది, సిరా గీత పైకి జరిగి జరిగి కొసకు వచ్చింది. కాజాలు కుట్టేదానివి, గోరు దారానికి తగులుకోదా, ఎందుకు ఉంచావని అడిగాను.

"రోజు తగుల్తది," అంది, అదే గొట్టం నీళ్లు వచ్చే మా కేంద్రం నల్లా కింద సీసా పట్టి నింపుకుంటూ. "నీళ్లాఫీసుకు పోతున్న నర్సమ్మా. గాళ్లకు చూపెట్టొచ్చినంక కత్తిరిస్త."